అబుదాబిలో పైప్ ఫిట్టర్ ఉద్యోగం వచ్చింది: ఆ ఊరి సంగతి, వెళ్లే పద్ధతి చెప్పగలరా?

ప్రశ్న: కవిటి ఫిట్టర్

పెద్దలందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని ఒక పల్లె. నా వయసు 25 సంవత్సరాలు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి, నాలుగేళ్లుగా గాజువాకలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేస్తున్నాను. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను నేలమట్టం చేసింది. మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి గాని, అప్పటి అప్పు ఇంకా తీరలేదు. దానికి తోడు నాన్నగారికి కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. ఇవన్నీ ఆలోచించుకొని గల్ఫ్ వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

నెల క్రితం విశాఖపట్నంలో ట్రేడ్ టెస్ట్ ఇచ్చాను. అబుదాబిలో ముసఫ్ఫా అనే చోట ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీకి పైప్ ఫిట్టర్‌గా ఎంపికయ్యానని ఏజెంటు చెప్పారు. నెలకు మొత్తం 1,800 దిర్హాములు, బస, రవాణా కంపెనీవే అంటున్నారు. ఇందుకు ఆయన నన్ను 1,20,000 రూపాయలు అడుగుతున్నారు. మా పిన్ని కొడుకు కూడా నాతో పాటు హెల్పర్‌గా రావాలనుకుంటున్నాడు. వాడు పదో తరగతి తప్పాడు కనుక వాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కావాలట. ఆ గొడవ లేకుండా విజిట్ వీసా మీద పంపించి, అక్కడికి చేరాక వర్క్ వీసాగా మార్పిస్తామని ఏజెంటు భరోసా ఇస్తున్నారు.

అబుదాబి ఎలాంటి ఊరు, అక్కడ మనలాంటి వాళ్లు ఎక్కడ ఉంటారు, ఎండ ఎంత ఉంటుంది, చేతిలో ఎంత మిగులుతుంది, ఏజెంటు చెప్పేదాంట్లో ఎంత నిజం ఉంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి. అమ్మ చాలా భయపడుతోంది. ఆమెకు చదివి వినిపించడానికి కూడా పనికివస్తుంది.

జవాబు: టెక్కలి పైపింగ్

బాబూ, మాది టెక్కలి. 2006లో పైప్ ఫిట్టర్‌గా అబుదాబి వెళ్లి, 2020లో ఫోర్‌మన్‌గా తిరిగి వచ్చాను. ఊరి సంగతి తరువాత చెబుతాను. నీ ఏజెంటు గురించి రాసిన మాటలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి.

భారత ప్రభుత్వం దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు ఒక అభ్యర్థి దగ్గర సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 35,400 రూపాయలకు మించి తీసుకోకూడదు. దానికి రసీదు ఇచ్చి తీరాలి. ఇక అబుదాబి ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ) దేశపు కార్మిక చట్టం ప్రకారమైతే వీసా ఖర్చులు, నియామకపు ఖర్చులు యజమాని భరించవలసినవే తప్ప, కార్మికుడి నుంచి నేరుగా గాని మరో దారిలో గాని రాబట్టవలసినవి కావు. అలాంటప్పుడు 1,20,000 దేనికో నిన్ను అడిగిన మనిషే చెప్పాలి. మన జిల్లాలో ఏజెంట్లు అని పిలిపించుకునే వారిలో చాలామంది, హైదరాబాదులోనో ముంబయిలోనో లైసెన్సు ఉన్న సంస్థకు మనుషులను చేరవేసే మధ్యవర్తులు మాత్రమే. అసలు లైసెన్సు ఎవరి పేరున ఉందో అడిగి, ఆ పేరును ఈ-మైగ్రేట్ ప్రభుత్వ వెబ్‌సైటులో వెతుకు. అక్కడ ఆ లైసెన్సు అమలులో ఉందో, రద్దయిందో కనిపిస్తుంది.

రెండో విషయం. మొత్తం 1,800 అని చెప్పారు గాని అందులో బేసిక్, అంటే భత్యాలు కలపని మూల జీతం, ఎంతో చెప్పలేదు. గల్ఫ్ ఉద్యోగంలో అన్నింటికంటే ముందు అడగవలసిన అంకె అదే. ఎమిరేట్స్ కార్మిక మంత్రిత్వ శాఖ నమూనాలో ఉండే ఆఫర్ లెటర్ అరబిక్, ఇంగ్లిష్ భాషలతో పాటు హిందీలో కూడా దొరుకుతుంది. అది నీ చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఏజెంటు తన లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చే కాగితం ఆఫర్ లెటర్ కాదు. అసలుది వచ్చిన తరువాత అందులో ఉద్యోగం పేరు, బేసిక్, భత్యాలు ఏమని ఉన్నాయో పేర్లు తీసేసి ఇక్కడ రాయి, నేను లెక్క కట్టి చెబుతాను.

మీ పిన్ని కొడుకును విజిట్ వీసా మీద మాత్రం పంపవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఇక అబుదాబి ఉద్యోగం అంటే అబుదాబి ఊళ్లోనే ఉంటామని అనుకోకు. అసలు నగరం సముద్రంలో ఒక దీవి మీద ఉంది. ముసఫ్ఫా అవతలి గట్టున, ప్రధాన భూభాగం మీద ఉన్న పారిశ్రామిక వాడ. కంపెనీల షెడ్లు, వర్క్‌షాపులు, కార్మికుల క్యాంపులు అన్నీ అక్కడే ఉంటాయి. కంపెనీ ఆఫీసు ముసఫ్ఫాలో ఉన్నా నీ పని ఏ రువైస్‌లోనో పడవచ్చు. రువైస్ అంటే అబుదాబి నుంచి పడమరగా దాదాపు 240 కిలోమీటర్ల దూరం. 1980లలో మొదలైన పెద్ద రిఫైనరీ, గ్యాస్ ప్లాంట్లు అక్కడ ఉన్నాయి. షట్‌డౌన్ పనులు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు) వచ్చాయంటే మన ఉత్తరాంధ్ర ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు వందల్లో అక్కడ కనబడతారు. నేను మొదటి ఎనిమిది నెలలు రువైస్‌లోనే ఉన్నాను. అబుదాబిలో సముద్రం ఒడ్డున ఉండే కార్నిష్ రోడ్డు చూసింది తొమ్మిదో నెలలో.

నా మొదటి వేసవి గురించి చెబుతాను. జూలైలో పొద్దున్న ఏడు గంటలకే ఫ్లాంజిని (పైపులను కలిపే ఇనుప చక్రాన్ని) చేతి తొడుగు లేకుండా పట్టుకోలేకపోయేవాళ్లం. సాయంత్రం క్యాంపుకు వచ్చి చొక్కా విప్పితే వీపు మీద ఉప్పు తెల్లటి చారలుగా అట్టకట్టి ఉండేది. ఆ చారలు చూసి మా సూపర్‌వైజరు ఎవరు నీళ్లు తక్కువ తాగారో కనిపెట్టేవాడు. ఆగస్టులో సముద్రం మీది తేమ కూడా కలిస్తే ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మసకబారిపోతాయి. క్యాంపులో కుళాయి తిప్పితే చన్నీళ్ల గొట్టంలోనే మరిగే నీళ్లు వస్తాయి, ఎందుకంటే ట్యాంకులు డాబా మీద ఎండలో ఉంటాయి. అందుకని వేసవిలో గీజరు స్విచ్ ఆపేసి, నీడన ఉన్న ఆ గీజరులో రాత్రంతా నిలవ ఉన్న నీళ్లతో స్నానం చేసేవాళ్లం. ఇది నాకు ఒక పాత మలయాళీ ఎలక్ట్రీషియన్ నేర్పాడు.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. నేనున్న చోట దాన్ని ఖచ్చితంగానే పాటించేవారు. ఆ రెండున్నర గంటలు నీడలో పడుకో బాబూ, ఫోన్ చూస్తూ కూర్చోకు.

జవాబు: విజయనగరం లెక్కలు

నేను విజయనగరం నుంచి వచ్చి పదకొండేళ్లుగా అబుదాబి నగరంలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. టెక్కలి వారు పని గురించి రాసినదానికి నేను చేర్చగలిగింది పెద్దగా లేదు. మీరు ఊరి గురించి అడిగారు కనుక అది రాస్తాను. మీ అమ్మగారికి చదివి వినిపించడానికి కూడా బాగుంటుంది.

అబుదాబి అంటే అరబిక్‌లో జింక తండ్రి అని అర్థం. ఎమిరేట్స్ దేశంలోని ఏడు ఎమిరేట్లలో ఇది అన్నిటికన్నా పెద్దది, దేశానికి రాజధాని. దేశపు చమురు నిల్వల్లో 90 శాతానికి పైగా ఈ ఒక్క ఎమిరేట్‌లోనే ఉన్నాయి. అయినా చమురు దొరకక ముందు ఇది ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు, చేపలు పట్టేవారు ఉండే చిన్న ఊరు. 1958లో సముద్రగర్భంలో చమురు కనుగొన్నారు, 1962లో మొదటి ఎగుమతి దాస్ దీవి నుంచి జరిగింది. దీవిని ప్రధాన భూభాగంతో కలిపే మఖ్తా వంతెన కట్టింది 1968లో. పూర్వం దీవికి రావాలంటే సముద్రం పోటు తగ్గినప్పుడు నీళ్లలో నడిచి దాటవలసి వచ్చేది. 1966లో పాలకుడైన షేక్ జాయెద్, 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడయ్యారు. అబుదాబి జాతీయ చమురు సంస్థ అడ్నాక్ కూడా అదే సంవత్సరంలో పుట్టింది. మన తాతల వయసు వారు ఇక్కడి వారిలో ఉంటే వాళ్లు మట్టల ఇళ్లను చూసినవారే. ఇక్కడ ఖర్జూరపు మట్టలతో ఆ ఇళ్లు కట్టేవారు. ఉద్దానంలో కొబ్బరి మట్టల పాకలు చూసి పెరిగినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు దీవి మీద వీధులు చదరంగపు గళ్లలా నిలువుగా, అడ్డంగా ఉంటాయి. హమ్దాన్ వీధి, ఎలక్ట్రా వీధి చుట్టుపక్కల మనదేశం వారి కొట్లు, మెస్సులు, టైలరు దుకాణాలు ఉన్నాయి. మునగకాడలు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరకని రోజు ఉండదు, మలయాళీల కొట్లకు వెళితే చాలు. హిందీ వస్తే భాషకు లోటు లేదు. ఎమిరేట్స్‌లో భారతీయులు 35 లక్షలకు పైగా ఉన్నారు. శుక్రవారం సెలవు అని పాతవారు చెబుతారు గాని, 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాల వారాంతం శని, ఆదివారాలకు మారింది. శుక్రవారం మధ్యాహ్నం నుంచే అవి మూస్తారు. మీ కంపెనీలో మాత్రం వారానికి ఒక్క సెలవే ఉండవచ్చు. చట్టం ప్రకారం ఒక రోజు తప్పనిసరి.

గుడి ఉందా అని అమ్మగారు తప్పక అడుగుతారు. 2024 ఫిబ్రవరి 14న దుబాయి వెళ్లే రహదారికి సమీపంలో అబూ మురైఖా అనే చోట బాప్స్ స్వామినారాయణ సంస్థ కట్టిన హిందూ మందిరం ప్రారంభమైంది. స్థలం ఇక్కడి పాలకులే ఇచ్చారు. ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరాలు కట్టారు. వాటి కింది ఆలయాల్లో తిరుపతి వెంకటేశ్వరస్వామి కూడా ఉన్నారు. నేను మొదటిసారి అక్కడ నిలబడి గోవింద నామాలు విన్నప్పుడు కళ్ల నీళ్లు ఆగలేదు. అంతకు ముందు మేం దేవుడి దర్శనానికి దుబాయి దాకా వెళ్లేవాళ్లం.

డబ్బు సంగతి. దిర్హాము 1997 నుంచి అమెరికా డాలరుకు 3.6725 చొప్పున కట్టుబడి ఉంది. కాబట్టి డాలరుతో రూపాయి పడిపోయినప్పుడల్లా మీరు పంపే సొమ్ము ఇంట్లో పెరుగుతుంది. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, కొనే సరుకు మీద 5 శాతం వ్యాట్ ఉంది. వచ్చేముందే మీ బ్యాంకులో ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతా) గురించి మాట్లాడి ఉంచుకోండి. డబ్బు పంపే ఎక్స్చేంజి హౌస్ ద్వారా అందులోకే పంపండి. ఎవరో గదిలోకి వచ్చి ఇక్కడ దిర్హాములు తీసుకొని ఊళ్లో రూపాయలు ఇప్పిస్తామంటే ఆ హవాలా జోలికి వెళ్లకండి. ఏదైనా చిక్కు వస్తే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

కుటుంబాన్ని తెచ్చుకోవడం ఇప్పుడే మీ ఆలోచన కాకపోవచ్చు. నెల జీతం 4,000 దిర్హాములు గాని, 3,000తో పాటు బస గాని ఉంటేనే భార్యాపిల్లలకు వీసా తీసుకోగలం. మరో చిన్న సంగతి: వాట్సాప్‌లో సందేశాలు, వాయిస్ నోట్లు వెళతాయి గాని ఫోన్ కాల్, వీడియో కాల్ పనిచేయవు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌ను వచ్చేముందే అమ్మగారి ఫోన్‌లో వేసి, ఎలా ఎత్తాలో నేర్పించి రండి. నేను చేరిన మొదటి వారం ఫోన్ కలవక మా ఇంట్లో పడ్డ ఆందోళన ఇప్పటికీ గుర్తుంది.

జవాబు: గజపతినగరం సిస్టర్

తమ్ముడూ, నేను అబుదాబిలో నర్సుగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారికి కిడ్నీ జబ్బు అని, మీది ఉద్దానం అని చదివాక ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను.

టికెట్టు కొనడానికి ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, రక్తపోటు మూడూ చూపించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కాని ఆ ప్రాంతంలో చిన్న వయసులోనే, పెద్దగా బాధ ఏమీ తెలియకుండానే జబ్బు మొదలవుతుందన్నది డాక్టర్లు అందరూ ఒప్పుకునే మాట. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే ఉంది. అక్కడ చూపించుకోవచ్చు. అబుదాబి చేరాక వీసా కోసం చేసే వైద్య పరీక్షలో హెచ్ఐవీ, క్షయ వంటివి చూస్తారు. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది మీరే చూసుకోవాలి.

ఎండలో చెమట పోయి నీళ్లు చాలకపోతే కిడ్నీ మీద భారం పడుతుంది. దాని మీద ఒళ్లు నొప్పులకని డైక్లోఫినాక్ వంటి మాత్రలు రోజూ వేసుకుంటే మరింత చెడుతుంది. మా దగ్గరకు వచ్చే కార్మికుల్లో చాలామంది జేబులో ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రల పట్టీ ఉంటుంది. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చిందంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పని మధ్యలో దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి పావుగంటకూ కొన్ని గుక్కలు తాగండి. మధ్యాహ్న విరామం అమలులో ఉన్న నెలల్లో చల్లటి నీళ్లు, నీడ, లవణాలు కలిపిన పానీయాలు ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి. అబుదాబిలో ఆరోగ్య బీమా తప్పనిసరి, మీ బీమా ఖర్చు కంపెనీయే భరించాలి. కార్డు చేతికి వచ్చిన రోజునే ఏ క్లినిక్‌లో పనికివస్తుందో కనుక్కోండి.

సామాను సర్దేటప్పుడు జాగ్రత్త. ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులు ముందుగా అనుమతి లేకుండా తీసుకురాకూడదు. మనం మామూలు దగ్గు మందు అనుకునే సీసాలో కొడీన్ ఉండవచ్చు. గసగసాలు కూడా ఎమిరేట్స్‌లో నిషేధం. ఇది చాలామంది అమ్మలకు తెలియదు. మా అమ్మ కోడికూర మసాలా పొడి కొట్టి ఇచ్చింది, అందులో గసగసాలు వేయించి కలిపిందని నాకు హైదరాబాదు విమానాశ్రయంలో బ్యాగు తూకం వేసేటప్పుడు గుర్తుకు వచ్చింది. అక్కడే పొట్లం తీసి చెత్తబుట్టలో వేశాను. అమ్మ చేతి పొడి పారేసినందుకు ఆ రోజంతా దిగులుగా ఉన్నా, చేసింది సరైన పనే. గుట్కా, తమలపాకుల విషయంలోనూ అంతే. ఆవకాయ, చింతపండు, కందిపొడి నిశ్చింతగా తెచ్చుకోండి.

జవాబు: సోంపేట తమ్ముడు

విజిట్ వీసా గురించి ఎవరూ వివరంగా రాయలేదు కనుక, మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. మా అన్నయ్య కూడా పదో తరగతి తప్పినవాడే. ఒక మధ్యవర్తి ఇదే మాట చెప్పి, చుట్టపు చూపుగా వెళుతున్నట్టు విమానాశ్రయంలో చెప్పమని నేర్పించి మరీ పంపించాడు. అక్కడ ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర రెండు నెలలు పని చేయించుకున్నారు, వీసా మార్చలేదు, రెండో నెల జీతం ఇవ్వలేదు. గడువు దాటాక రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతూ పోయింది. ఫిర్యాదు చేద్దామంటే తన పేరున వర్క్ పర్మిట్టే లేదు, పని చేసినట్టు రుజువు లేదు. పోలీసుల కంటపడతానని అన్నయ్య గదిలోంచి బయటకు రావడానికి కూడా భయపడేవాడు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, జరిమానా లేకుండా తిరిగి రాగలిగాడు. అది లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. మధ్యవర్తికి ఇచ్చిన 90,000 రూపాయలు ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా వేస్తున్నారు. అందువల్ల మంచి కంపెనీ ఏదీ విజిట్ వీసా మనిషిని తీసుకోదు. తీసుకునేది ఎలాంటివాళ్లో మీరే ఊహించుకోండి.

మీ పిన్నిగారి అబ్బాయికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలంటున్నారు కదా, దాన్ని గొడవ అనుకోవద్దు. ఈ-మైగ్రేట్‌లో అనుమతి ఇచ్చేముందు కంపెనీని, కాంట్రాక్టును చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. మా అన్నయ్యకు ఆ 275 రూపాయల బీమా కూడా లేకుండానే పంపించారు.

కవిటి ఫిట్టర్ (ప్రశ్న అడిగినవారు)

బాబాయి గారికి, అన్నగారికి, అక్కగారికి, సోంపేట సోదరుడికి చాలా కృతజ్ఞతలు. అన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆఫర్ లెటర్ లేనిదే డబ్బు కట్టనని చెప్పిన వారం రోజులకు ఏజెంటు కాగితం పంపించారు. బాబాయి గారు అడిగినట్టు వివరాలు రాస్తున్నాను. ఉద్యోగం పేరు పైప్ ఫిట్టర్ అనే ఉంది. బేసిక్ 900, తిండి భత్యం 300, ఇతర భత్యం 600. రెండేళ్ల కాంట్రాక్టు, ఆరు నెలలు ప్రొబేషన్, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. లైసెన్సు ముంబయిలోని సంస్థది, ఈ-మైగ్రేట్‌లో అమలులో ఉన్నట్టు చూపిస్తోంది. వెళ్లాక పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచాలని ఏజెంటు మాటల్లో చెప్పారు. ఈ బేసిక్ తక్కువా?

జవాబు: టెక్కలి పైపింగ్

బాబూ, కాగితం అసలుదే అనిపిస్తోంది. హెల్పర్ అనో లేబర్ అనో రాయకుండా పైప్ ఫిట్టర్ అనే రాయడం మంచిది, ఎందుకంటే రేపు మరో కంపెనీకి మారేటప్పుడు ఆ పేరే నీ అనుభవానికి సాక్ష్యం.

బేసిక్ మాత్రం తక్కువే. ఎంత తేడా వస్తుందో చూడు. 900 బేసిక్ అంటే గంటకు 3.75 దిర్హాములు. ఓవర్‌టైమ్‌కు దాని మీద 25 శాతం కలుపుతారు కనుక గంటకు సుమారు 4.69 వస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 52 గంటలు చేస్తే 244 దిర్హాములు. అదే మొత్తం 1,800లో బేసిక్ 1,500 ఉండి ఉంటే ఆ 52 గంటలకే 406 దిర్హాములు వచ్చేవి. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 వరకు చేసే ఓవర్‌టైమ్‌కు 50 శాతం కలపాలి, షిఫ్టు పద్ధతిలో పనిచేసేవారికి అది వర్తించదు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. ఏడాది దాటిన తరువాత, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున ఇస్తారు, ఆ పైన ఏడాదికి 30 రోజులు. నీ లెక్కన ఏడాదికి 630 దిర్హాములు, 1,500 బేసిక్ అయితే 1,050. నేను పద్నాలుగేళ్లు పనిచేసి వచ్చినప్పుడు ఈ తేడా నాకు బాగా తెలిసింది. నా బేసిక్ మొదటి కాంట్రాక్టులో తక్కువగా రాశారు, ప్రతి ఏడాదీ పెంచినది భత్యంలో కలిపారే తప్ప బేసిక్‌లో కలపలేదు. ఆ పొరపాటు నాది, ఏ ఏడాదీ అడగలేదు. నువ్వు అడుగు, కాదంటే ఏం పోదు.

పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోవడం అక్కడి చట్టం ప్రకారం నిషేధం. వీసా పనులకని తీసుకుంటే పని అయ్యాక తిరిగి అడుగు. ఎమిరేట్స్ ఐడీ కార్డు మాత్రం ఎప్పుడూ జేబులో ఉండాలి. జీతం వేతన రక్షణ వ్యవస్థ ద్వారా బ్యాంకుకో, కార్డుకో రావాలి. చేతికి నగదు ఇచ్చి సంతకం పెట్టించుకుంటే ఒప్పుకోవద్దు. జీతం ఆగితే కార్మిక మంత్రిత్వ శాఖకు యాప్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, 50,000 దిర్హాముల లోపు తగాదా అయితే వాళ్లే తేల్చేస్తారు. నెలకు 5 దిర్హాముల ఉద్యోగ నష్ట బీమా నీ పేరున నువ్వే కట్టుకోవాలి. మరిచిపోతే జరిమానా పడుతుంది.

ప్లాంటు లోపల ఫోటోలు తీయవద్దు. క్యాంపులో ఎవరితోనైనా మాట పెరిగితే వాట్సాప్‌లో తిట్టు రాయవద్దు, అక్కడ అది నేరం. ఏడాది పూర్తయ్యాక 30 రోజుల సెలవు వస్తుంది గాని తేదీలు కంపెనీ నిర్ణయించవచ్చు. కాబట్టి సంక్రాంతికి రావాలనుకుంటే ఆగస్టులోనే కాగితం పెట్టుకో.

కవిటి ఫిట్టర్ (ప్రశ్న అడిగినవారు)

బేసిక్ మార్చడం కుదరదని కంపెనీ చెప్పిందట. ఏజెంటు మాత్రం 35,400 రూపాయలకు రసీదు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నిన్న ముంబయి సంస్థ ఖాతాకే బ్యాంకు ద్వారా కట్టాను. గాజువాకలో నాకు వచ్చేదానితో పోల్చుకుంటే తిండి పోను కూడా ఎక్కువే మిగిలేలా ఉంది కనుక, రెండేళ్లు చేసి, అక్కడే మెరుగైన బేసిక్ ఉన్న చోటు చూసుకుందామని అనుకుంటున్నాను. నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్లడానికి మా బావ ఒప్పుకున్నారు.

అక్కగారు చెప్పినట్టు పలాసలో పరీక్షలు చేయించుకున్నాను. క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రోటీన్ లేదు. మా పిన్ని కొడుకు విజిట్ వీసా ఆలోచన మానుకొని, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టాడు. వాడు పుస్తకాలు తెచ్చుకుంటుంటే నేను బోటిమ్ వేసి అమ్మకు నేర్పిస్తున్నాను. మసాలా పొడిలో గసగసాల బదులు జీడిపప్పు వేస్తానంది, మా తోటలోదే.